‘ఓపీ’ అంటే ఏ ఓపీ? కాగితాన్ని బట్టి అర్థం తేల్చుకునే పద్ధతి

నల్లగొండలో ఒక్క రోజులో ఒక్క మనిషి చెవినే ‘ఓపీ’ అన్న రెండక్షరాలు నాలుగు అర్థాలతో పడడం వింత కాదు. పొద్దున పెద్దాసుపత్రి కౌంటరు దగ్గర లైనులో నిలబడి తీసుకున్నది ఓపీ చీటీ. మధ్యాహ్నం కోర్టు వరండాలో వకీలు గుమాస్తా అడిగేది ఓ.పి. నంబరు. సాయంత్రం విత్తనాల దుకాణంలో బెండ గింజల పొట్లం చేతికిస్తూ యజమాని ‘ఇది హైబ్రిడ్ కాదు, ఓపీ’ అంటాడు. ఇంటికి చేరేసరికి ఫోనులో ఆట ఆడుతున్న పిల్లవాడు తోటి ఆటగాడి దెబ్బను మెచ్చుకుంటూ ‘ఓపీ అన్నా’ (ఓవర్‌పవర్డ్, అంటే తిరుగులేదు) అని అరుస్తాడు. నలుగురూ సరిగ్గానే మాట్లాడారు. ఎవరి ఓపీ వారిది.

తమ కాగితాలు తాము చదువుకునేవారికి దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. ఎదుటివారి కాగితాలు చదవవలసిన వారికే చిక్కంతా: మీసేవ కేంద్రంలో దరఖాస్తులు నింపేవారు, వకీళ్ళ దగ్గర పనిచేసే గుమాస్తాలు, మండల విలేకరులు, ఇంగ్లిషు పత్రాలను తెలుగులోకి తెచ్చే అనువాదకులు, అమ్మానాన్నల ఆసుపత్రి ఫైలు పట్టుకొని హైదరాబాదుకు బయలుదేరే పిల్లలు. వారిని దృష్టిలో పెట్టుకొనే ఈ మెట్లు రాస్తున్నాను. సంక్షిప్త పదాల నిఘంటువు తెరిచి, ‘ఓపీ’ కింద ఉన్న అర్థాలన్నీ చదివి, వాటిలో నచ్చినదాన్ని కాగితం మీద అతికించడం నా దృష్టిలో తలకిందుల పద్ధతి. కాగితం నుంచి బయలుదేరి అర్థం దగ్గరికి చేరాలి.

మొదటి మెట్టు: కాగితం ఎవరిదో చూడాలి

అక్షరాలను చూసే ముందు పైన ఉన్న శీర్షికను, కింద ఉన్న ముద్రను, ఫారం పేరును చూడాలి. ఆసుపత్రి కాగితమైతే ఓపీ అంటే సాధారణంగా ఔట్ పేషెంట్, అంటే మంచం కేటాయించకుండా, వైద్యుడికి చూపించుకొని అదే రోజు వెళ్ళిపోయే రోగి. కోర్టు కాగితమైతే ఒరిజినల్ పిటిషన్. భూమి, అప్పు వంటి తగాదాలలో వేసే దావాను ఒరిజినల్ సూట్ అని, ఓ.ఎస్. అని నమోదు చేస్తారు. విడాకులు, మైనరు సంరక్షణ, ప్రమాద పరిహారం వంటి వాటిలో ఒక ప్రత్యేక చట్టం కింద నేరుగా వేసే పిటిషన్ ఓ.పి. అవుతుంది. విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులలో కనిపించే ఓ.పి. కూడా ఈ ఒరిజినల్ పిటిషనే.

వినియోగదారుల కమిషన్ తీర్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ కేసుకు సి.సి., అంటే కన్‌స్యూమర్ కంప్లెయింట్ నంబరు ఉంటుంది, ఓ.పి.1, ఓ.పి.2 అన్నవి కేసులు కావు, మనుషులో సంస్థలో. ఫిర్యాదుదారు ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ ఎదుటి పక్షాలను అపోజిట్ పార్టీ అన్న మాటకు పొడి అక్షరాలుగా అలా రాస్తారు. ‘ఓ.పి.2 సేవాలోపానికి బాధ్యుడు’ అన్న వాక్యాన్ని ‘రెండో పిటిషన్’ అని అనువదిస్తే బాధ్యుడే మాయమైపోతాడు.

విత్తన పొట్లం మీద ఓపీ అంటే ఓపెన్ పాలినేటెడ్, అంటే పరాగ సంపర్కం సహజంగా జరిగి వచ్చిన విత్తనం. మన రైతులు దీన్ని సూటి రకం అంటారు. దీని గింజను జాగ్రత్తగా దాచుకొని మరుసటి ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. హైబ్రిడ్ గింజను అలా వేస్తే మొక్కలు ఒక తీరున రావు, దిగుబడి పడిపోతుంది. తేయాకు డబ్బా మీద ఓపీ అంటే ఆరెంజ్ పెకో అనే ఆకు శ్రేణి. దానికీ నారింజ పండు రుచికీ సంబంధం లేదు.

రెండో మెట్టు: అక్షరాలను ఉన్నవున్నట్టు రాసుకోవాలి

ఇంగ్లిషులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మధ్యలో చుక్కలు, అడ్డగీతలు అర్థానికి ఆనవాళ్ళు. తెలుగులో ‘ఓపీ’ అని టైపు చేసిన క్షణాన అవన్నీ చెరిగిపోతాయి. కాబట్టి అర్థం తేలేవరకు మూలంలోని రూపాన్ని పక్కన అలాగే రాసి ఉంచుకోవాలి.

రెండు అక్షరాల తర్వాత చుక్కలు ఉండి, ఆపైన నంబరు, ఆఫ్ అనే మాట, సంవత్సరం వరుసగా వస్తే అది దాదాపు ఎప్పుడూ కోర్టు ఓ.పి.యే. రెండింటి మధ్య ఏటవాలు గీత ఉంటే అవుట్‌పుట్. పాలిటెక్నిక్ విద్యార్థుల ల్యాబ్ రికార్డులలో సర్క్యూట్ బొమ్మకు ఎడమవైపు ఐ/పి, కుడివైపు ఓ/పి అని ఉండేది ఇదే. అదే బొమ్మలో త్రికోణం పక్కన ఆప్-యాంప్ అని ఉంటే అది ఆపరేషనల్ యాంప్లిఫయర్. 1968లో వచ్చిన 741 చిప్పు ఇప్పటికీ మన ల్యాబులలో దానికి నమూనాగా నిలుస్తోంది. మొదటి అక్షరం పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉండి వెనుక ఒక అంకె ఉంటే సంగీత రచన వరుస సంఖ్య కావచ్చు. బీథోవెన్ ఐదో సింఫనీకి అలాంటి సంఖ్య 67. రెండూ చిన్నవై, తర్వాత ‘సిట్’ అని ఉంటే పరిశోధన వ్యాసంలో ముందే చెప్పిన గ్రంథాన్ని సూచించే గుర్తు. ఈ చివరి రెండూ మన చేతికి వచ్చేది అరుదు. సైనిక పత్రాలలో పెద్ద, చిన్న అక్షరాల తేడా మాత్రం చాలా ముఖ్యం, దాని సంగతి వేరుగా చెబుతాను.

మూడో మెట్టు: ముందూ వెనుకా అతుక్కున్న వాటిని విడదీయాలి

ఎం.వి.ఓ.పి. అంటే మోటారు వాహనాల చట్టం కింద ప్రమాద పరిహారం కోసం వేసిన ఒరిజినల్ పిటిషన్. ఎఫ్.సి.ఓ.పి. కుటుంబ న్యాయస్థానంలోది. ఎల్.ఏ.ఓ.పి. అన్నది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చాలా ఇళ్ళకు తెలిసిన మాట: ప్రభుత్వం భూమి తీసుకొని ఇచ్చిన పరిహారం చాలదన్నప్పుడు, 1894 నాటి భూసేకరణ చట్టం 18వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళిన కేసులకు ఈ పేరు. శ్రీశైలం, జూరాల ముంపు ప్రాంతాల పాత కాగితాలు చూసేవారికి ఈ నాలుగక్షరాలు తప్పక ఎదురవుతాయి. ఇలా ముందు ఏ అక్షరాలు చేరినా చివరి ఓ.పి. మాత్రం పిటిషనే.

అన్నిచోట్లా ఇంత సూటిగా ఉండదు. ఐ.ఓ.పి. అని కంటి ఆసుపత్రి కాగితంలో ఉంటే అది కంటి లోపలి ఒత్తిడి. అందులో ఔట్ పేషెంట్‌ను వెతకడం వృథా. బీ.ఓ.పి. సరిహద్దు దళంలో పనిచేసే కొడుకు ఉత్తరంలో ఉంటే సరిహద్దు ఔట్ పోస్టు. టీ పొడి పెట్టె మీద ఉంటే బ్రోకెన్ ఆరెంజ్ పెకో.

వెనుక అతుక్కున్న మాట ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క కేస్ షీటు చాలు. పత్తి చేలో మందు కొడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన రైతును ఆసుపత్రిలో చేర్చారనుకుందాం. కేస్ షీటులో ‘ఓపీ పాయిజనింగ్’ అని ఉంటుంది. ఆ మనిషి వార్డులో మంచం మీద ఉన్నాడు, అంటే ఔట్ పేషెంట్ కానేకాడు. ఇక్కడ ఓపీ అంటే ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఈ జాతివే. నరాల సంకేతాలను సమయానికి ఆపవలసిన ఎంజైమును ఇవి పని చేయనివ్వవు కాబట్టి నోట చొంగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు కనిపిస్తాయి. అదే పుటలో ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అన్న మందుల పేర్లు ఉంటే, పైన ఉన్న ఓపీ ఏదో ఇక సందేహించనక్కర లేదు.

నాలుగో మెట్టు: జంటను వెతకాలి

సంక్షిప్త అక్షరాలు తరచుగా జంటగా తిరుగుతాయి. ఆసుపత్రిలో ఓపీకి జంట ఐపీ, అంటే ఇన్ పేషెంట్. ఈ తేడా డబ్బుతో ముడిపడినది; ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఐపీగా కనీసం 24 గంటలు ఉన్న చికిత్సకే ఖర్చు చెల్లిస్తాయి. విత్తనాలలో ఓపీకి జంట హైబ్రిడ్. కోర్టులో ఓ.పి.కి పక్కన ఓ.ఎస్., ఐ.ఏ. (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు), ఈ.పి. (తీర్పు అమలు కోరే పిటిషన్) ఉంటాయి.

అయితే జంట దొరికిందని తొందరపడకూడదు. ఐపీ అన్నది ల్యాబ్ రికార్డులో ఇన్‌పుట్, ఆసుపత్రిలో ఇన్ పేషెంట్, కోర్టులో ఇన్సాల్వెన్సీ పిటిషన్. ‘ఫలానా సేటు ఐ.పి. పెట్టిండు’ అంటే ఆసుపత్రిలో చేరాడని ఈ జిల్లాలో ఎవరూ అనుకోరు. అప్పులు తీర్చలేనని చేతులెత్తేశాడని అందరికీ తెలుసు. జంట మొదటి మెట్టులో తేలినదాన్ని బలపరచాలి గాని, ఒంటరిగా తీర్పు చెప్పకూడదు.

ఇప్పటివరకు చెప్పిన నాలుగు మెట్లూ ఒకే ఫైలు మీద ఎలా పనిచేస్తాయో చూద్దాం. నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీద లారీ తగిలి కాలు విరిగిన ఒక మనిషి ఫైలు అనుకోండి. అన్నిటికన్నా పైన తేదీ, వయసు, వరుస సంఖ్యతో ఓపీ చీటీ ఉంది. ఇది ఔట్ పేషెంట్ నమోదు. దాని వెనుక, ప్రమాద కేసు కనుక ‘ఓపీకి సమాచారం ఇచ్చాము’ అని వైద్యుడు రాసిన ఒక వాక్యం ఉంది. ఔట్ పేషెంట్ విభాగంలోని వైద్యుడు తన విభాగానికే తాను సమాచారం ఇచ్చుకోడు కదా. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణలో ఉండే పోలీసు ఔట్ పోస్టు అది. తర్వాతి పుటలో ‘పోస్ట్ ఆప్, మూడో రోజు’ అని ఉంది. అది శస్త్రచికిత్స జరిగిన తర్వాత మూడో రోజు. డిశ్చార్జి సమ్మరీ చివర ‘రెండు వారాల తర్వాత ఓపీకి రావలెను’ అన్నది మళ్ళీ మొదటి అర్థం. ఫైలు అడుగున వకాలతు, దాని మీద ఎం.వి.ఓ.పి. నంబరు, సంవత్సరం. బీమా కంపెనీ ‘ఓపీ నంబరు పంపండి’ అని ఉత్తరం రాస్తే, అడిగింది క్లెయిముల విభాగమా, కేసులు చూసే విభాగమా అని తెలుసుకోకుండా జవాబు రాయకూడదు. క్లెయిముల వారికి కావలసింది ఆసుపత్రి నంబరు కావచ్చు, కేసుల వారికి కావలసింది ట్రిబ్యునల్ నంబరు, అంటే ఆ ఎం.వి.ఓ.పి. నంబరు.

ఐదో మెట్టు: రేడియో, సైన్యం కాగితాలను వేరే కళ్ళతో చదవాలి

ఔత్సాహిక రేడియో వాడేవారి యాసలో ఓపీ అంటే ఆపరేటర్, అంటే ఆ క్షణాన రేడియో ముందు కూర్చొని మాట్లాడుతున్న లేదా మోర్స్ కొడుతున్న మనిషి. చుక్కలు, గీతల సంకేతభాష అయిన మోర్స్‌లో ఈ రెండక్షరాలు మూడు గీతలు, ఆపైన చుక్క, రెండు గీతలు, చుక్క. ప్రతి అక్షరాన్నీ చేత్తో కొట్టి పంపవలసిన కాలంలో మాటలను కుదించుకోవడం అవసరమైంది. అందుకే వారి భాషలో శుభాకాంక్షలు 73 అయ్యాయి, మగ ఆపరేటర్ ఎంత కుర్రవాడైనా ఓ.ఎం., అంటే ‘ముసలాయన’ అయ్యాడు, ఆడ ఆపరేటర్ ఎంత పెద్దదైనా వై.ఎల్., అంటే ‘పడుచు అమ్మాయి’ అయింది. రాజీవ్ గాంధీకి ఉన్న వి.యు.2 ఆర్.జి. లాంటి సొంత కాల్ సైన్ (రేడియో స్టేషనుకు ఇచ్చే గుర్తు పేరు) అయితే మాట్లాడుతున్నది ఎవరో దానితోనే తెలుస్తుంది. క్లబ్బు కాల్ సైన్ మీద మాత్రం ఎవరైనా కూర్చోవచ్చు కనుక ‘ఓపీ’ అని కొట్టి పక్కన పేరు చెప్పాలి. రేడియో సందేశంలోనో, పరిచయం జరిగినందుకు పంపుకునే క్యూ.ఎస్.ఎల్. కార్డు మీదనో ఓపీ వెంటనే మనిషి పేరు గాని కాల్ సైన్ గాని ఉంటే ఈ అర్థమే తీసుకోవాలి. పోటీ ఫలితాలలో సింగిల్ ఓపీ, మల్టీ ఓపీ అన్నవి ఒక్కరే నడిపిన స్టేషను, పలువురు నడిపిన స్టేషను.

సైన్యంలో రెండు అక్షరాలూ పెద్దవిగా ఉన్న ఓపీ అబ్జర్వేషన్ పోస్టు, అంటే శత్రువు కదలికలను చూస్తూ ఫిరంగి గుండ్లు ఎక్కడ పడాలో వెనుకకు చెప్పే పరిశీలన చౌకీ. ఫిరంగి కొండకు ఇవతల ఉంటుంది, గురి అవతల ఉంటుంది. మధ్యలో కళ్ళు ఉండాలి. 1999లో కార్గిల్ శిఖరాల మీదకు పదాతి దళంతో పాటు ఎక్కిన ఫిరంగి దళ అధికారులు చేసిన పని అదే. అలాంటి చౌకీలో అధికారి వెంట రేడియో ఆపరేటర్ కూడా ఉంటాడు కనుక, ఒకే సందేశంలో చౌకీ అనే ఓపీ, ఆపరేటర్ అనే ఓపీ రెండూ ఉండడం అసాధ్యమేమీ కాదు. ఎత్తు, చోటు, దిక్కు పక్కన ఉన్నది చౌకీ. పేరు పక్కన ఉన్నది మనిషి.

మొదటి అక్షరం మాత్రమే పెద్దదైతే అది ఆపరేషన్, దాని తర్వాత సంకేతనామం ఉంటుంది. మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ ఆపరేషన్ పోలో. 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజులలో హైదరాబాదు సంస్థానాన్ని లొంగదీసిన ఆ చర్యను మన పెద్దలు పోలీస్ చర్య అంటారు; విజయవాడ వైపు నుంచి వచ్చిన దళాలు కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగానే నడిచాయి. టెలిగ్రాము పద్ధతిలో అన్నీ పెద్ద అక్షరాలతో కొట్టిన సందేశాలలో ఈ తేడా కనిపించదు. అప్పుడు వెనుక ఉన్నది సంకేతనామమా, స్థలమా అన్నదాన్ని బట్టే నిర్ణయించాలి.

ఇక దళాల పేర్లు. ఎయిర్ ఓపీ అన్నది చౌకీ కాదు, విమానాలు గల దళం. నేల మీద ఎత్తైన చోటు దొరకనప్పుడు చిన్న విమానంలో ఎగిరి ఫిరంగులకు గురి చెప్పడానికి బ్రిటిషువారు 1941 నుంచి 651 మొదలుకొని వరుస సంఖ్యలతో ఎయిర్ ఓపీ స్క్వాడ్రన్లను ఏర్పరిచారు. భారతదేశంలో ఉన్న 659 స్క్వాడ్రన్ నుంచి 1947 ఆగస్టులో మన సైన్యపు తొలి ఎయిర్ ఓపీ ఫ్లైట్ (స్క్వాడ్రన్ కన్నా చిన్న విమాన దళం) పుట్టింది. విమానం నడిపేది ఫిరంగి దళ అధికారే. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ ఈ పని కోసం తయారు చేసి 1959లో తొలిసారి ఎగరేసిన విమానం పేరు హెచ్.ఏ.ఓ.పి.–27 కృషక్. ఈ పేరులో కూడా ఓపీ అబ్జర్వేషన్ పోస్టే. కృషక్ అన్నాక రైతుల మందు చల్లే విమానం అనుకొని ఓపీని సూటి రకం విత్తనం దాకా లాగే ప్రమాదం ఉంది.

ఆరో మెట్టు: తేదీ చూడాలి

అక్షరాలు తేలినా పని కొన్నిసార్లు సగమే అవుతుంది. మాజీ సైనికుడి సర్వీసు పుస్తకంలో ఆపరేషన్ విజయ్ అని ఉంటే అది కార్గిలే అని రాసేయడం పరిపాటి. కాని 1961లో గోవాను పోర్చుగీసుల నుంచి విడిపించిన చర్యకు కూడా అదే పేరు. పుస్తకంలోని చేరిక తేదీయే ఏది ఎవరిదో చెబుతుంది. అలాగే 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ విడిగా ఏర్పడింది. అంతకు ముందు కాగితంలో ఎయిర్ ఓపీ ఉంటే దాన్ని ఫిరంగి దళంలో భాగంగానే పేర్కొనాలి. భూసేకరణ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి: 2013 చట్టం వచ్చాక పరిహారం పెంపు కోరే కేసులు ఆ చట్టం కింద ఏర్పాటైన ప్రత్యేక అథారిటీకి వెళ్తాయి కాబట్టి, పాత ఎల్.ఏ.ఓ.పి. పద్ధతిని కొత్త కాగితాల మీద రుద్దకూడదు.

ఏడో మెట్టు: పూర్తి మాటను పెట్టి వాక్యం చదవాలి

తేలిందనుకున్న అర్థాన్ని అక్షరాల స్థానంలో పెట్టి ఆ వాక్యాన్నే గాక ముందు వాక్యాన్ని, వెనుక వాక్యాన్ని కూడా బిగ్గరగా చదవాలి. కేవలం ఆ ఒక్క వాక్యంలో ఇమిడితే చాలదు. ‘ఓపీ రద్దీ ఎక్కువగా ఉంది’ అన్నదానిలో ఔట్ పేషెంట్లు ఇముడుతారు, పిటిషన్లు కూడా ఇముడుతాయి. తర్వాతి వాక్యంలో వైద్యుల కొరత ఉందో, న్యాయమూర్తుల ఖాళీలు ఉన్నాయో చూస్తేనే తేలుతుంది.

ఎనిమిదో మెట్టు: తెలుగులో రాసేటప్పుడు

మొదటిసారి వచ్చినచోట పూర్తి మాట రాసి, తర్వాత అక్షరాలు వాడడం మంచిది. అయితే అన్ని ఓపీలకూ ఒకే నియమం పనికిరాదు. ఆసుపత్రి ఓపీని తెలుగు చేయనక్కర లేదు. ‘బాహ్యరోగి విభాగం’ అని రాస్తే చీటీ తీసుకునే లైను ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు. సైనిక చౌకీని మాత్రం పరిశీలన చౌకీ అనే రాయాలి, ఎందుకంటే ఓపీ అని వదిలేస్తే మన పాఠకుడి మనసు నేరుగా ఆసుపత్రికి పోతుంది. సైనిక చర్యను ‘ఆప్ విజయ్’, ‘ఆప్ పోలో’ అని కుదించి రాయకూడదు. తెలుగులో ఆప్ అనగానే రాజకీయ పార్టీ గుర్తుకు వస్తుంది. అక్కడ ఆపరేషన్ అని పూర్తిగా రాయడమే మేలు. విత్తనానికి సూటి రకం అని, పురుగుమందుకు దాని అసలు పేరు రాయాలి.

కోర్టు నంబరు మాత్రం చుక్కతో సహా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు వెతకాలంటే కేసు రకం, నంబరు, సంవత్సరం మూడూ సరిపోవాలి, ఎం.వి.ఓ.పి.ని ఓ.పి. అని కుదిస్తే వేరొకరి విడాకుల కేసు తెర మీద ప్రత్యక్షం కావచ్చు.

ఇన్ని చేసినా తేలని ఓపీ అప్పుడప్పుడు మిగులుతుంది. ముఖ్యంగా చేతిరాత కేస్ షీట్లలో, సగం చిరిగిన పాత నకళ్ళలో. అలాంటి చోట ఊహించి రాయకుండా అక్షరాలను అలాగే ఉంచి, అంచున ప్రశ్నార్థకం పెట్టి, కాగితం పుట్టిన చోటనే అడగాలి: ఆసుపత్రిదైతే రికార్డుల విభాగంలో, కోర్టుదైతే నకళ్ళ విభాగంలో, సైనికుడిదైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో. అడగడానికి వెళ్ళేటప్పుడు ఆ ఒక్క పుట జిరాక్సు కాకుండా దాని ముందు పుటనూ తర్వాతి పుటనూ వెంట తీసుకువెళ్ళాలి.